ధ్రువ పరిశోధకులకు అండగా ఉన్న సంస్థ మూతపడుతోందా? మళ్ళీ మళ్ళీ వస్తున్న ప్రశ్నలు, వాటికి జవాబులు

ఆర్కిటిక్‌లోనూ అంటార్కిటికాలోనూ పనిచేసే శాస్త్రవేత్తల వెనక అమెరికాలో కొన్ని చిన్న లాభాపేక్ష లేని సంస్థలు ఉంటాయి. వాటి పేరు బయట పెద్దగా ఎవరికీ తెలియదు. అలాంటిదొకటి మూసేస్తున్నారని తెలియగానే విద్యార్థులు, టీచర్లు, ఉద్యోగులు, దాతలు అందరూ ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతుంటారు, విడివిడిగా చెప్పేకొద్దీ జవాబులు తలోరకంగా మారిపోతుంటాయి. అందుకని అన్నీ ఒకచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, దేనికది విడిగా చదువుకునేలా ఉంటుంది. ఇందులో చెప్పినవి అమెరికా ఫెడరల్ నిబంధనలు, రాష్ట్రాన్ని బట్టి కొన్ని మారతాయి. వీసా, పన్నుల దగ్గర మాత్రం మీ కేసు చూసి చెప్పే లాయరునో అకౌంటెంటునో ఒకసారి అడిగే నిర్ణయం తీసుకోండి.

వార్త తెలిసిన కొత్తలో

స్టేషన్లు, నౌకలు నడిపేది ప్రభుత్వమూ యూనివర్సిటీలే కదా, ఈ సంస్థ పోతే ఏం పోతుంది?

నిజమే, అంటార్కిటికాలో మెక్‌మర్డో, దక్షిణ ధ్రువం, పామర్ స్టేషన్లు పరిశోధనలకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ చేతిలో ఉన్నాయి. అలాస్కాలో టూలిక్ ఫీల్డ్ స్టేషన్‌ని ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా యూనివర్సిటీ నడుపుతోంది. ఈ సంస్థ మూతపడినంత మాత్రాన అవేవీ ఆగవు. పోయేది మనుషుల్ని కలిపే పని. సముద్రపు మంచు అంచనాలనే తీసుకోండి. 2007 సెప్టెంబరులో ఆర్కిటిక్ మంచు ఎవరూ ఊహించనంతగా తగ్గిపోయింది, దాంతో 2008 నుంచి ఏటా వేసవిలో రకరకాల పరిశోధక బృందాలు ఆ సెప్టెంబరులో మంచు ఎంత మిగులుతుందో ముందే అంచనా వేసి పంపడం మొదలైంది. ఒకరిది గణాంకాల పద్ధతి, ఇంకొకరిది సముద్రాన్నీ వాతావరణాన్నీ కలిపి లెక్కగట్టే కంప్యూటర్ మోడల్, మరొకరిది ఏళ్ళ తరబడి చూసిన అనుభవం. వీటన్నిటినీ గడువులోగా తెప్పించుకోవాలి, ఒకే కొలమానంలో పక్కపక్కన పెట్టాలి, సెప్టెంబరు అయ్యాక ఎవరి అంచనా ఎందుకు తప్పిందో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఇది ఏ ఒక్క ప్రొఫెసర్ ఉద్యోగంలోనూ భాగం కాదు. ఇలాంటి సంస్థలు చేసేది సరిగ్గా ఈ పనే. వర్క్‌షాపులు పెట్టడం, కొత్తగా వచ్చిన విద్యార్థిని సీనియర్లకి పరిచయం చెయ్యడం, స్కూలు టీచర్లని పరిశోధకులతో ఫీల్డ్‌కి పంపడం, అలాస్కా తీరగ్రామాల వాళ్ళకీ శాస్త్రవేత్తలకీ మధ్య మాట కలపడం కూడా ఆ కోవలోవే. ఇవి ఆగిపోయిన రోజు ఎవరికీ తెలియదు, రెండు మూడేళ్ళ తర్వాత తెలుస్తుంది.

ఇంత ముఖ్యమైన పని చేస్తుంటే డబ్బు ఎందుకు లేదు?

డబ్బు వచ్చే దారి దాదాపు ఒక్కటే కావడం వల్ల. ఇలాంటి సంస్థల ఆదాయంలో పెద్ద వాటా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గ్రాంట్లదే ఉంటుంది. గ్రాంటు ప్రాజెక్టుకి ఇస్తారు, సంస్థకి కాదు. వర్క్‌షాపుకి ఇస్తారు గానీ ఆ వర్క్‌షాపు లెక్కలు రాసే మనిషి జీతం, ఆఫీసు అద్దె, ఆడిట్ ఖర్చు మాత్రం ఇండైరెక్ట్ కాస్ట్ అని పిలిచే శాతంలోంచే రావాలి. ప్రభుత్వంతో విడిగా రేటు కుదుర్చుకోని సంస్థలకు ఈ శాతం చాలాకాలం 10 దగ్గరే ఉండి, 2024 అక్టోబరు నుంచి 15కి పెరిగింది. పైగా ఫెడరల్ గ్రాంటు మీద లాభం మిగుల్చుకోకూడదు, కాబట్టి కష్టకాలానికని దాచుకునే వీలు తక్కువ. సభ్యత్వ రుసుములు ఆ లోటు పూడ్చలేవు.

ఇక 2026 ఆర్థిక సంవత్సరానికి అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదనలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కి సుమారు 390 కోట్ల డాలర్లే చూపించారు, అంతకుముందు అది 900 కోట్ల దరిదాపుల్లో ఉండేది. ప్రతిపాదన చట్టం కాదు, చివరి మాట అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌దే. కానీ పదిమందితో నడిచే సంస్థకి కాంగ్రెస్ తేల్చేదాకా ఆగే ఓపిక ఉండదు, వచ్చే నెల జీతాల సంగతి ఈ నెలలోనే తేలాలి. పెద్ద యూనివర్సిటీ అయితే ఏడాది తట్టుకుంటుంది. చిన్న సంస్థ తట్టుకోలేదు. అది ఎంత బాగా నడిచినా సరే.

డబ్బులు తినేశారని ఎవరో అంటున్నారు, నిజమేనా?

ఎవరి మాటో పట్టుకోవద్దు, కాగితాలు చూడండి. అమెరికాలో ఇలాంటి సంస్థలు ఏటా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి ఫారం 990 అనే లెక్కల పత్రం ఇవ్వాలి, అది ఎవరైనా చూడొచ్చు. ఐఆర్‌ఎస్ సైటులోనూ ప్రొపబ్లికా అనే వార్తాసంస్థ వాళ్ళ నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. వరసగా మూడు నాలుగేళ్ళవి పక్కపక్కన పెట్టుకుని ఆదాయం ఎంత పడిపోయింది, జీతాలు ఎంత, మిగిలిన ఆస్తిలో దాతలు షరతు పెట్టిన డబ్బు ఎంత, షరతు లేనిది ఎంత అన్నది చూస్తే కథ మీకే అర్థమవుతుంది. చాలాసార్లు కనపడేది దొంగతనం కాదు, గ్రాంటు ముగిసింది, కొత్తది రాలేదు, అంతే.

ఇంకోమాట. అప్పులు తీర్చేంత, ఉద్యోగులకు ఇవ్వాల్సింది ఇచ్చేంత డబ్బు చేతిలో ఉండగానే మూసెయ్యాలని నిర్ణయించుకున్న బోర్డుని తప్పుపట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆఖరి డాలరు దాకా లాగి, ఒక శుక్రవారం సాయంత్రం తలుపులు వేసేసే సంస్థలు వదిలిపోయే నష్టం ఇంతకంటే చాలా ఎక్కువ.

సంతకాలు సేకరించి, విరాళాలు పోగేసి ఆపలేమా?

బోర్డు ఓటు వేసి బయటికి చెప్పేసరికి సాధారణంగా ఆ దారులన్నీ వాళ్ళు వెతికి ఉంటారు. ఒకసారి పోగేసిన విరాళం కొన్ని నెలలు నెట్టుకొస్తుందేమో గానీ ఏటేటా వచ్చే గ్రాంటుకి బదులు కాలేదు. మీ ఆవేశాన్ని వృథా చెయ్యమనడం లేదు, దాన్ని ఒక పని మీద పెట్టమంటున్నాను. సంస్థ చేసే పనుల్లోంచి మీకు బాగా అవసరమైనది ఒక్కటి ఎంచుకోండి, దాన్ని మీ డిపార్ట్‌మెంటు గానీ ఇంకో సంస్థ గానీ తీసుకునేలా ఒప్పించండి, ఆ మాట రాతలో బోర్డుకి పంపండి. ‘ఈ పని మేం నడుపుతాం, ఫలానా మనిషి చూసుకుంటారు, రెండేళ్ళకి ఇంత ఖర్చు పెట్టగలం’ అని రాసిన ఒక్క ఉత్తరం వెయ్యి సంతకాల కంటే ఎక్కువ పనిచేస్తుంది. రిజిస్టరైన సంస్థ లేని చిన్న బృందమైతే ఫిస్కల్ స్పాన్సర్‌ని వెతుక్కోవచ్చు, అంటే ఇప్పటికే పన్ను మినహాయింపు ఉన్న మరో సంస్థ నీడన డబ్బు తీసుకుని పని నడపడం.

వేరే సంస్థలో కలిపెయ్యొచ్చు కదా?

కలపొచ్చు. కానీ కలుపుకునేవాళ్ళు మన మంచి పనితో పాటు అద్దె ఒప్పందాలు, ఉద్యోగుల సెలవుల బాకీలు, పాత ఆడిట్ బాధ్యతలు కూడా నెత్తిన పెట్టుకోవాలి. అందుకే మొత్తం విలీనం కంటే ఒక్కో కార్యక్రమాన్ని ఒక్కో చోటికి పంపడమే తరచుగా కుదురుతుంది.

గ్రాంట్లు, ప్రాజెక్టులు

గ్రాంటు సంస్థ పేరు మీద ఉంది, పీఐని (ప్రాజెక్టు నడిపే ప్రధాన పరిశోధకుణ్ణి) నేను. నా ప్రాజెక్టు పోయినట్టేనా?

పోనక్కర్లేదు, కానీ టైమ్ తక్కువ. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అవార్డు ఇచ్చేది సంస్థకి, పీఐకి కాదు. మీరు వేరే చోటికి వెళ్ళినంత మాత్రాన అది మీ వెంట రాదు. పాత సంస్థ ఒప్పుకోవాలి, కొత్త సంస్థ తీసుకుంటాననాలి, ఫౌండేషన్ ఆమోదించాలి. ముగ్గురి సంతకాలూ పాత సంస్థలో సంతకం పెట్టే అధికారి ఇంకా ఉద్యోగంలో ఉండగానే పడాలి. మనవాళ్ళు పొరపాటు పడేది ఇక్కడే. సంస్థ మూసే తేదీ మూడు నెలలుంది కదా అనుకుంటారు, ఈలోగా గ్రాంట్స్ ఆఫీసులో ఉన్న ఆ ఒక్క మనిషీ కొత్త ఉద్యోగం చూసుకుని రెండో నెలలోనే వెళ్ళిపోతారు.

ముందు ఫౌండేషన్‌లో మీ గ్రాంటు చూసే ప్రోగ్రామ్ ఆఫీసరుకి ఈమెయిల్ రాయండి. ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, ఎక్కడికి మార్చాలనుకుంటున్నారు, ఏ పని మిగిలింది అన్నవి ఒక పేజీలో పెట్టండి. కొత్త సంస్థ ఇండైరెక్ట్ కాస్ట్ రేటు ఎక్కువైతే మిగిలిన డబ్బులో మీ పనికి వచ్చేది తగ్గిపోతుంది, ఆ లెక్క ముందే వేసుకోండి.

మా యూనివర్సిటీకి ఈ సంస్థ నుంచి సబ్ అవార్డు (తన గ్రాంటులోంచి పంచి ఇచ్చిన వాటా) ఉంది, ఇంకా బిల్లులు పంపలేదు. ఇప్పుడేంటి?

ఇవాళే పంపండి. మామూలుగా సబ్ అవార్డు తీసుకున్నవాళ్ళు పని గడువు ముగిసిన 90 రోజుల్లోపు, అసలు గ్రాంటు తీసుకున్నవాళ్ళు 120 రోజుల్లోపు లెక్కలూ రిపోర్టులూ ముగించాలి. కానీ మూతపడే సంస్థలో ఆ 90 రోజుల తర్వాత మీ బిల్లు తెరిచి చూసే మనిషి ఉంటారన్న నమ్మకం లేదు. మీ యూనివర్సిటీ అకౌంట్స్ వాళ్ళు నెలాఖరుకి పంపుతాం అంటే ఊరుకోవద్దు, పరిస్థితి వివరించి ముందుకు జరిపించండి. మీ వైపు పనికి సంబంధించిన ముగింపు రిపోర్టు కూడా బిల్లుతో పాటే ఇచ్చేస్తే సంస్థ వాళ్ళు ఫౌండేషన్‌కి ఇవ్వాల్సింది ఆగకుండా ఉంటుంది.

నేను స్కూలు టీచర్ని, పరిశోధకులతో కలిసి ఫీల్డ్‌కి వెళ్ళడానికి ఎంపికయ్యాను. నా ప్రయాణం ఉంటుందా?

రెండు విషయాలు విడదీసి అడగండి. ఒకటి, పరిశోధక బృందం యాత్ర. అది వాళ్ళ గ్రాంటు మీద, స్టేషన్ ఏర్పాట్ల మీద నడుస్తుంది, కాబట్టి మామూలుగానే జరగొచ్చు. రెండు, మీ ఖర్చు. టికెట్, భృతి, ఇన్సూరెన్స్, స్కూల్లో మీ బదులు పాఠం చెప్పే టీచరుకిచ్చే డబ్బు సంస్థ ఒప్పందంలోంచి వస్తుంటే ఆ ఒప్పందం ఎవరికి బదిలీ అవుతోందో రాతలో తెలుసుకోండి. సంస్థ మూసే తేదీ మీ ప్రయాణానికి ముందు పడితే, ఆ బదిలీ కాగితం చూడకుండా సెలవు పెట్టొద్దు. అంటార్కిటికాకైతే వైద్య పరీక్షలు పాసవ్వాలి, అవి అమెరికా అంటార్కిటిక్ కార్యక్రమం కిందకి వస్తాయి కాబట్టి సంస్థ మూతపడినా ఆ పరీక్షలు ఆపకండి.

ఎంపికై వెళ్ళలేకపోవడం ఎంత బాధో నాకు తెలుసు. మీ పరిశోధక బృందం పీఐతో నేరుగా మాట్లాడండి, టీచరుని తీసుకెళ్ళడం వాళ్ళ గ్రాంటులో రాసిచ్చిన హామీ అయితే వేరే దారి వెతకాల్సిన బాధ్యత వాళ్ళకీ ఉంటుంది.

సంస్థ కొన్న కెమెరాలు, ల్యాప్‌టాప్‌లు మేమే ఉంచేసుకోవచ్చా?

ఊరికే పట్టుకెళ్ళకూడదు. ఫెడరల్ డబ్బుతో కొన్నవాటికి లెక్క ఉంటుంది. 2024 అక్టోబరు తర్వాతి నిబంధనల ప్రకారం ఒక్కోటి 10,000 డాలర్లు, ఆపైన విలువ చేస్తేనే మామూలుగా ‘ఎక్విప్‌మెంట్’ కిందకి వస్తుంది, పాత అవార్డులకి ఆ పరిమితి 5,000. దానికంటే చిన్న వస్తువైనా సంస్థ ఆస్తే, మూసేటప్పుడు దాన్ని అమ్మాలి లేదా సాటి సంస్థకో స్కూలుకో ఇవ్వాలి. మీకు కావాలంటే మార్కెట్ ధర కట్టి కొనుక్కుని రసీదు తీసుకోండి.

డేటా, పాత కాగితాలు, ఇచ్చిన మాటలు

మా డేటా సంస్థ సర్వర్లో ఉంది. ఎక్కడికి మార్చాలి?

ఆర్కిటిక్ డేటా అయితే ఆర్కిటిక్ డేటా సెంటర్‌కి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఆర్కిటిక్ ప్రాజెక్టుల కోసం 2016 నుంచి నడుస్తున్నది అదే, కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరాలో ఉంది. అంటార్కిటికాదైతే కొలంబియా యూనివర్సిటీ లామాంట్ డోహర్టీలో ఉన్న అమెరికా అంటార్కిటిక్ డేటా సెంటర్ చూడండి. మంచుకి సంబంధించి బౌల్డర్‌లో స్నో అండ్ ఐస్ డేటా సెంటర్, జర్మనీలో పాంగేయా కూడా ఉన్నాయి.

ఫైళ్ళు ఎక్కించడం పెద్ద పని కాదు. కాలమ్ పేర్లకి అర్థమేంటి, ఏ ఏడాది సెన్సర్ మార్చారు, మైనస్ 999 అంటే కొలత లేదనా లేక నిజంగానే సున్నా కింద అంకెనా అన్నది రాసి పెట్టడం అసలు పని. అది తెలిసిన మనిషి ఉద్యోగం మానెయ్యకముందే కూర్చోబెట్టి రాయించండి, అవసరమైతే ఆమె మాట్లాడుతుంటే రికార్డు చేసుకోండి. వివరం లేని డేటా పదేళ్ళ తర్వాత ఎవరికీ పనికిరాదు.

మా డేటాకి డీఓఐ (ఆన్‌లైన్‌లో వెతకడానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు అంకె) ఉంది, సంస్థ పోతే లింకు చచ్చిపోతుందా?

డీఓఐ అంకె అలాగే ఉంటుంది. కానీ అది చూపించే పేజీ పోతే నొక్కినవాళ్ళకి ఖాళీ తెర కనిపిస్తుంది. డేటాసైట్‌లోనో క్రాస్‌రెఫ్‌లోనో ఆ డీఓఐ నమోదైన ఖాతా కింద కొత్త చిరునామా రాయించాలి, ఖాతానే కొత్త సంస్థకి బదిలీ చేయించాలి. ఇది సంస్థ చెయ్యాల్సిన పని, మీరు చెయ్యాల్సింది అయ్యిందో లేదో మీ డీఓఐలు ఒక్కొక్కటీ నొక్కి చూసుకోవడం.

అలాస్కా గ్రామాల పెద్దలు చెప్పిన మాటలు, వాళ్ళ మ్యాపులు, రికార్డింగులు సంస్థ దగ్గర ఉన్నాయి. వాటినీ డేటా సెంటర్‌లో పెట్టేస్తే సరిపోతుంది కదా?

సరిపోదు. అన్ని ప్రశ్నల్లోకీ దీన్ని జాగ్రత్తగా చదవమని బతిమాలుతున్నాను. సెయింట్ లారెన్స్ దీవిలోని గాంబెల్, సవూంగా లాంటి ఊళ్ళలో యూపిక్ తెగ వేటగాళ్ళకి వసంతంలో మంచు ఎటు కదులుతోందన్నది బతుకు ప్రశ్న, వాళ్ళు వేటాడే వాల్రస్‌లు అనే పెద్ద దంతాల సముద్ర జంతువులు ఆ మంచు మీదే వస్తాయి. 2010 నుంచి వసంతకాలంలో వారం వారం వాల్రస్ వేట కోసం మంచు పరిస్థితి చెప్పే నివేదికలు వచ్చాయి, అందులో వాతావరణ శాఖ అంచనాల పక్కనే ఆయా గ్రామాలవాళ్ళు కళ్ళారా చూసి చెప్పిన మాటలూ ఉండేవి. అలాంటి మాటల్ని మామూలు ఉష్ణోగ్రత పట్టికలాగా ఎవరైనా దింపుకునేలా పెట్టెయ్యకూడదు. ఎక్కడ వేటాడతారు, ఎక్కడ మంచు పల్చగా ఉంటుంది, ఎవరి తాత ఏం చెప్పాడు అన్నవి వాళ్ళ ఆస్తి. వాళ్ళు ఒక సంస్థని నమ్మి, ఒక మనిషి ముఖం చూసి చెప్పారు. ఆ సంస్థ పోతోందన్నప్పుడు ఆ మాట ఎటుపోవాలో చెప్పాల్సింది కూడా వాళ్ళే.

మూలవాసుల సమాచారం విషయంలో 2019లో వచ్చిన కేర్ సూత్రాలు ఇదే అంటాయి: మేలు ఆ సమాజానికి దక్కాలి, అధికారం వాళ్ళ చేతిలో ఉండాలి, వాడేవాళ్ళకి బాధ్యత, నీతి ఉండాలి. చెయ్యాల్సింది ఇది. ఒక్కో రికార్డింగుకి అప్పట్లో తీసుకున్న అంగీకార పత్రం వెతకండి. అందులో ‘ఈ సంస్థ మాత్రమే’ అని ఉంటే వేరొకరికి ఇచ్చే హక్కు మీకు లేదు. ఆ గ్రామ తెగ మండలికి ఫోన్ చెయ్యండి, ఒక్క ఈమెయిల్ పంపి జవాబు రాలేదని వదిలెయ్యొద్దు. వేట కాలంలో ఊళ్ళో ఎవరూ ఉండరు, దానికి తగ్గట్టు టైమ్ ఇవ్వండి. ముందు ఒక కాపీ వాళ్ళకి ఇచ్చెయ్యండి. బయట దాచాలని వాళ్ళు కోరితే బౌల్డర్‌లో ఈలోకా అనే కార్యక్రమం ఉంది, ఆర్కిటిక్ ప్రజల స్థానిక పరిజ్ఞానాన్ని వాళ్ళ షరతుల మీద భద్రపరచడమే దాని పని. చెరిపెయ్యమంటే చెరిపెయ్యండి, చెరిపేశామని రాసివ్వండి.

దీనికి డబ్బు, సమయం లేవని అంటారు. మూసివేత బడ్జెట్‌లో ఆడిట్‌కి డబ్బు పక్కన పెట్టినట్టే దీనికీ పెట్టాలి.

పాత ఫోటోలు, మీటింగ్ మినిట్స్, చేతిరాత నోట్‌బుక్‌లు ఎవరికి కావాలి? పారేద్దామా?

దయచేసి పారెయ్యొద్దు. ఏ పరిశోధనకి ఎందుకు ప్రాధాన్యం ఇచ్చారు, ఎవరు వ్యతిరేకించారు అన్నది ప్రచురించిన పేపర్లలో దొరకదు, మినిట్స్‌లో దొరుకుతుంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో అలాస్కా యూనివర్సిటీ రాస్ముసన్ లైబ్రరీలో అలాస్కా, ధ్రువ ప్రాంతాల సేకరణ ఉంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బర్డ్ పోలార్ సెంటర్‌కి సొంత ఆర్కైవ్ ఉంది. ముందుగా రాసి అడగండి, వాళ్ళు తీసుకునేవీ తీసుకోనివీ ఉంటాయి. పంపేముందు ఉద్యోగుల వైద్య వివరాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్న కాగితాలు ఏరి పక్కన పెట్టండి. పెట్టె మీద ఏ ఏళ్ళవో రాసి పంపితే ఆర్కైవ్‌లో పనిచేసేవాళ్ళు మీకు రుణపడి ఉంటారు.

వెబ్‌సైట్ ఎన్నాళ్ళు ఉంటుంది?

హోస్టింగ్ డబ్బు కట్టినన్నాళ్ళు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ముఖ్యమైన పేజీలు మీరే భద్రపరచండి, పీడీఎఫ్‌లు విడిగా చెయ్యండి, ఎందుకంటే సెర్చ్ పెట్టె వెనక దాగిన ఫైళ్ళు దానికి తరచుగా చిక్కవు. డొమైన్ పేరుని మాత్రం ఎవరైనా సాటి సంస్థ తన ఖాతాలోకి తీసుకుని కొన్నేళ్ళు రెన్యూ చెయ్యాలి. వదిలేస్తే ఎవరో కొని జూదం ప్రకటనలు పెడతారు, పాత పరిశోధన పత్రాల్లోని లింకులన్నీ అక్కడికే పోతాయి.

ఉద్యోగులు

నేను ఇక్కడ హెచ్1బీ వీసా మీద ఉన్నాను. ఉద్యోగం పోయాక ఎన్ని రోజులు ఉండనిస్తారు?

ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులు, మీరు దేశంలో ఉండే గడువు చూపే ఐ94 అంతకంటే ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. జీతం ఆగిన రోజు నుంచి లెక్కపెట్టండి, సంస్థ చట్టపరంగా రద్దయిన రోజు నుంచి కాదు. ఆలోగా కొత్త సంస్థ పిటిషన్ వెయ్యాలి.

చాలామంది ఆలస్యంగా తెలుసుకునే సంగతి ఇంకొకటి ఉంది. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు ఏటా ఉండే వీసా కోటా లోపలికి రావు. మీరు అలాంటి చోటే మొదట హెచ్1బీ తీసుకుని, ఎప్పుడూ కోటాలో లెక్కకి రాకపోతే, ఇప్పుడు మామూలు ప్రైవేటు కంపెనీకి మారాలంటే లాటరీలో పేరు రావాలి. ఇంకో యూనివర్సిటీకో పరిశోధన సంస్థకో వెళ్తే ఆ ఇబ్బంది లేదు. కాబట్టి ఉద్యోగాల వేట ముందు యూనివర్సిటీల వైపు మొదలుపెట్టండి. గడువుకి ముందే తీసేసిన ఉద్యోగి తిరిగి స్వదేశం వెళ్తానంటే దారి ఖర్చు భరిస్తామని సంస్థ చెప్పాలి, అది నిబంధనే, అడగడానికి మొహమాటపడొద్దు. ఓపీటీ (విద్యార్థి వీసా మీద పనిచేసే అనుమతి) మీద ఉన్నవాళ్ళకి మొత్తం 90 రోజుల నిరుద్యోగమే అనుమతి, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపులో ఉంటే అన్నీ కలిపి 150. టెన్షన్ పడడం సహజం, కానీ మొదటి వారం వృథా చెయ్యకండి.

హెల్త్ ఇన్సూరెన్స్ కోబ్రా (ఉద్యోగం పోయినా సొంత డబ్బు కట్టి పాత ప్లాన్‌లో ఉండనిచ్చే చట్టం) కింద కొనసాగించుకోవచ్చు కదా?

సంస్థే లేకపోతే గ్రూప్ ప్లాన్ ఉండదు, ప్లాన్ లేకపోతే కోబ్రా కూడా ఉండదు. మూతపడే సంస్థల ఉద్యోగులు దీని దగ్గరే ఇరుక్కుంటారు. కవరేజ్ పోయే రోజుకి ముందూ వెనకా 60 రోజుల్లో, ఎవరికి వారు ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ తీసుకునే అవకాశం ఉంటుంది. పోయేముందే అప్లై చేస్తే మధ్యలో ఖాళీ రాకుండా చూసుకోవచ్చు.

రిటైర్మెంట్ డబ్బు?

అది మీ డబ్బు, సంస్థ అప్పులకి ముట్టుకోకూడదు. ప్లాన్ రద్దు చేస్తే నేరుగా మీ సొంత రిటైర్మెంట్ ఖాతా ఐఆర్‌ఏకి బదిలీ చెయ్యమనండి. చెక్కు మీ పేరు మీద తీసుకుంటే 20 శాతం పన్ను కింద పట్టుకుంటారు, 60 రోజుల్లో తిరిగి వెయ్యకపోతే మొత్తం ఆదాయమైపోతుంది.

దాతలు, సభ్యులు

పోయిన నెలే విరాళం ఇచ్చాను. పన్ను మినహాయింపు పోతుందా, డబ్బు వెనక్కి వస్తుందా?

ఇచ్చిన రోజున సంస్థకి పన్ను మినహాయింపు హోదా ఉంటే మీ మినహాయింపు ఎక్కడికీ పోదు. 250 డాలర్లు, ఆపైన ఇస్తే సంస్థ ఇచ్చిన రాతపూర్వక రసీదు మీ దగ్గర ఉండాలి, అది ఇప్పుడే అడిగి తీసుకోండి. వెనక్కి ఇవ్వడం మాత్రం మామూలుగా ఉండదు. ‘విద్యార్థుల ప్రయాణ ఖర్చులకే’ అని షరతు పెట్టి ఇచ్చి ఉంటే ఆ డబ్బుని జీతాలకో అద్దెకో వాడకూడదు, దాన్ని అదే పని చేసే ఇంకో సంస్థకి పంపాలి. రాష్ట్రాన్ని బట్టి అటార్నీ జనరల్ లేదా కోర్టు అనుమతి అవసరమవుతుంది. మీ షరతు గుర్తుచేస్తూ బోర్డుకి ఒక ఉత్తరం రాయండి, ఎవరికి పంపితే బాగుంటుందో మీ అభిప్రాయం కూడా చెప్పండి.

అన్నీ తీర్చాక డబ్బు మిగిలితే బోర్డు పంచుకుంటుందా?

లేదు. 501సీ3 సంస్థ (పన్ను మినహాయింపు ఉన్న ఇలాంటి లాభాపేక్ష లేని సంస్థ) ఆస్తి చివరికి అలాంటి ప్రయోజనానికే లేదా ప్రభుత్వానికే వెళ్ళాలి. ఎవరికి ఎంత వెళ్ళిందో ఆఖరి ఫారం 990లో షెడ్యూల్ ఎన్ అనే భాగంలో రాయాలి. మీరు తర్వాత చూసుకోవచ్చు.

సభ్యత్వ రుసుము ఏడాదికి కట్టేశాం, మిగిలిన నెలలది అడగొచ్చా?

అడగొచ్చు, ఇస్తారా అన్నది నియమావళిలో ఉంటుంది. నా మాటగా చెప్పాలంటే, విద్యార్థులైతే అడగండి. పెద్ద యూనివర్సిటీలు మాత్రం వదిలెయ్యాలి, ఆ డబ్బు డేటా భద్రపరచడానికి పనికొస్తుంది.

మూసేశాక

నేను పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. ఇక నాకు దారి చూపేదెవరు?

మీరు ఒంటరివారు కాదు. దేశాలన్నీ కలిసి ధ్రువాల మీద పరిశోధన చేసిన 2007–08 అంతర్జాతీయ ధ్రువ సంవత్సరం రోజుల్లో పుట్టిన అపెక్స్ అనే యువ ధ్రువ శాస్త్రవేత్తల సంఘం ఉంది, చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆర్కిటిక్ వైపు ఐయాస్క్, అంటార్కిటికా వైపు స్కార్ అనే అంతర్జాతీయ సంఘాలు యువ పరిశోధకుల కోసం ఫెలోషిప్‌లు నడుపుతాయి. ఏటా జరిగే ఆర్కిటిక్ సైన్స్ సమ్మిట్ వీక్‌కి పోస్టరు పంపండి. తర్వాతి ధ్రువ సంవత్సరం 2032–33లో రాబోతోంది, మొట్టమొదటిది 1882–83లో జరిగింది కాబట్టి అప్పటికి నూట యాభై ఏళ్ళవుతుంది. దాని ఏర్పాట్ల బృందాలు ఇప్పటికే పనిచేస్తున్నాయి, కొత్తవాళ్ళకి చోటు ఉంది. మూతపడిన సంస్థలో మిమ్మల్ని ఎవరికైనా పరిచయం చేసిన మనిషి ఉంటే ఆమె సొంత ఈమెయిల్ అడిగి పెట్టుకోండి. సంస్థ ఈమెయిళ్ళు ఆఖరి రోజుతో ఆగిపోతాయి.

నేను అమెరికాలో లేను, నాకేమైనా తేడా ఉంటుందా?

ఆ సంస్థ నడిపే వర్క్‌షాపుల్లో, అంచనాల్లో పాల్గొంటుంటే ఉంటుంది. ఆ పని ఎవరు తీసుకున్నారో కనుక్కుని మీ పేరు అక్కడ నమోదు చేసుకోండి. సంస్థ నుంచి ప్రయాణ ఖర్చు రావాల్సి ఉంటే రసీదులు వెంటనే పంపండి, విదేశీ బ్యాంకుకి డబ్బు పంపడానికి అదనపు కాగితాలు కావాలి, అవి ఆలస్యమైతే మూసే తేదీ దాటిపోతుంది.

రెండేళ్ళ తర్వాత ఇక్కడ పనిచేసినట్టు లెటర్ కావాల్సొస్తే ఎవర్ని అడగాలి?

మూసేటప్పుడు రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయో సంస్థ ప్రకటించాలి, ఆ పేరూ చిరునామా రాసి పెట్టుకోండి. ఫెడరల్ గ్రాంటు రికార్డులు ఆఖరి ఆర్థిక రిపోర్టు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్ళు ఉంచాలి, అందుకని ఎవరో ఒకరు వాటికి బాధ్యులై ఉంటారు. కానీ మీ అనుభవ పత్రం, సిఫార్సు ఉత్తరం కోసం అప్పటిదాకా ఆగొద్దు. సంస్థ లెటర్‌హెడ్ మీద, తేదీలతో, చేసిన పని వివరంతో ఇప్పుడే రాయించుకోండి. స్టూడెంట్ లోన్ మాఫీకి మీ ఉద్యోగం లెక్కకొస్తుంటే ఆ ఫారం మీద సంతకం కూడా ఆఖరి రోజుకి ముందే తీసుకోండి. స్కాన్ చేసి సొంత ఈమెయిల్‌కి పంపుకోండి, ఒరిజినల్ ఇంట్లో పెట్టుకోండి.